98 సీసీల భక్తి

కామారెడ్డిలో అయినా ఎల్లారెడ్డిలో అయినా పాత ఆర్ఎక్స్ 100 ఒకటి అమ్మకానికి వచ్చిందంటే దాని వర్ణన ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. "ఫుల్ రీస్టోర్ చేయించినం, పక్కా ఒరిజినల్, జపాన్ ఇంజన్, బ్లాకు మార్చినం, సౌండు మస్తుంటది." ఈ ముక్కల్ని పక్కపక్కనే పెట్టి చదివినా అమ్మేవాడికి గానీ కొనేవాడికి గానీ ఎక్కడా అడ్డు తగలదు. బ్లాకు మారితే ఒరిజినల్ ఎట్లయితదని అడిగామనుకోండి, "అది గూడ ఒరిజినల్ బ్లాకే, 135ది" అని జవాబు. కోటీశ్వరుల లోకంలో పాత స్పోర్ట్స్ కారుకున్న పీట మన దగ్గర ఈ బండిది. దానికి ఏసీ గ్యారేజీ, దీనికి ఇంటి ముందు రేకుల షెడ్డు, అంతే తేడా. నంబరు ప్లేటు మీద ఏపీ 25 అని ఉంటే ధర ఇంకో మెట్టు ఎక్కుతుంది. 2016లో కామారెడ్డి జిల్లా అయింది, టీఎస్ 17 వచ్చింది, 2024లో అది టీజీ అయింది. వీటన్నిటికంటే ముందు, నిజామాబాద్ కింద ఉన్నప్పటి నంబరు అంటే వంశవృక్షం చూపించినట్టే లెక్క. ఆ నంబరుకు కింద ఉన్న ఇంజన్‌లో నంబరు పడ్డనాటి ఇనుము ఎంత మిగిలిందన్నది మాత్రం ఎవరూ అడగరు. పాత ఇంజన్‌ను బాగుచేయడం ఒక పని, దాన్ని మార్చేయడం ఇంకో పని. రెండూ పనులే, రెండింటికీ చేతిలో విద్య ఉండాలి. రెండో పని చేసి మొదటి పని పేరు మీద దండలు వేయించుకోవడం దగ్గరే నాకు పేచీ.

ముందు విగ్రహాన్ని చూద్దాం. ఎస్కార్ట్స్ సంస్థ యమహాతో కలిసి 1985 నవంబరులో ఈ బండిని మన రోడ్ల మీదికి తెచ్చింది. తొలి రోజుల్లో భాగాలు జపాన్ నుంచి దిగేవి, ఇక్కడ బిగించేవారు. ఆ కొన్నాళ్ళ పుణ్యమాని నేటికీ అమ్మకానికొచ్చే ప్రతి బండీ జపాన్ ఇంజనే. ఆ తొలి ఇంజన్లు ఇన్నేళ్ళలో పిల్లల్ని పెట్టి ఉండాలి, లేకపోతే ఇన్ని బండ్లకు సరిపోయేవి కావు. సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం కూడా 50 మిల్లీమీటర్లే. లెక్క కడితే 98 సీసీ. 7,500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్ పవర్, నాలుగు గేర్లు, వంద కిలోలకు అటూ ఇటూ బరువు. ఇవాళ్టి మామూలు 125 సీసీ బండి కూడా దాదాపు అంతే శక్తి ఇస్తుంది. అయినా ఇది వేరే ప్రాణిలా అనిపించడానికి కారణాలు రెండు. ఒకటి, మోయాల్సిన బరువు తక్కువ. రెండు, టూ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంకు తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి మంట పుడుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారి. అందుకే కొంత వేగం అందాక ఒక్కసారిగా ముందుకు ఎగురుతుంది. తక్కువ ఇనుముతో, తక్కువ భాగాలతో, అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా కుదిర్చిన పొందిక అది. 1996లో దాని తయారీ ఆగిపోయింది. పొగ మీద నిబంధనలు బిగుస్తున్న కాలం అది. భక్తులు ఇష్టపడుతున్నామని చెప్పేది ఈ పొందికనే. చేతికి రాగానే వాళ్ళు మొదట చెడగొట్టేదీ దాన్నే.

బోరు సంగతి తీసుకోండి. సిలిండరు అరిగితే లేతు మీద కొంచెం పెద్దది చేయించి, దానికి తగ్గ ఓవర్‌సైజు పిస్టన్ వేయడం మెకానిక్కులందరికీ తెలిసిన పని. పావు మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ ఒక మిల్లీమీటరు దాకా పిస్టన్లు దొరుకుతాయి. ఆఖరి సైజు వేసినా 51 మిల్లీమీటర్ల వ్యాసం, 102 సీసీ. ఇది మరమ్మతు, కంపెనీయే వదిలిపెట్టిన వెసులుబాటు. దీనికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. కానీ మన వాళ్ళకు నాలుగు సీసీలు ఏ మూలకు? ఆ తర్వాత వచ్చిన ఆర్ఎక్స్ 135కి పిస్టన్ నడక ఇదే 50 మిల్లీమీటర్లు, వ్యాసం మాత్రం 58. కాబట్టి దాని బ్లాకు తెచ్చి, స్లీవు దిగేలా క్రాంక్‌కేస్ నోరు తొలిపించి, పైన కూర్చోబెడితే 132 సీసీ అయిపోతుంది. ఆర్సీలో 98, ఆయిల్ ట్యాంకు మీద స్టిక్కరులో 100, లోపల 132. ఇంజన్ నంబరు కొట్టి ఉండేది క్రాంక్‌కేస్ మీద కాబట్టి అది చెక్కుచెదరదు. దాన్ని చూపించి "మ్యాచింగ్ నంబర్" అంటారు. సిలిండరు కొత్తది, పిస్టన్ కొత్తది, హెడ్డు కొత్తది, కార్బొరేటర్ ఇంకో బండిది, గేర్ల సెట్టు ఢిల్లీ కరోల్ బాగ్ నుంచి వచ్చిన నకలుది. నంబరు కొట్టిన అల్యూమినియం ముక్క ఒక్కటే పాతది, దాని నోరూ తొలిపించారు. ఇంత చేశాక ఆ యంత్రం బాగానే పరుగెత్తవచ్చు. బాగా చేసేవాళ్ళ చేతిలో పడితే తప్పకుండా పరుగెత్తుతుంది. 135ను 135 అని చెప్పి నడుపుకుంటే ఏం పోయింది? పోయేది ధర. 135 అంటే వచ్చే డబ్బు కంటే, లోపల 135 పెట్టుకుని 100 అంటే వచ్చే డబ్బు ఎక్కువ. భక్తిలో లెక్కలు ఉండవని ఎవరన్నారు?

ఇక సైలెన్సర్. ఈ విషయంలో మన పోరగాళ్ళ అజ్ఞానానికి చరిత్రే సాక్ష్యం చెబుతుంది. టూ స్ట్రోక్ బండికి వెనక వేలాడే గొట్టం చప్పుడు తగ్గించడానికి మాత్రమే పెట్టింది కాదు, అది ఇంజన్‌లో సగభాగం. తూర్పు జర్మనీలో ఎంజెడ్ అనే కంపెనీ రేసింగ్ విభాగంలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు 1950ల్లో దీన్ని ఒక శాస్త్రంగా మలిచాడు. పొగతో పాటు బయటికి పోయే ఒత్తిడి తరంగం గొట్టం వెడల్పయ్యే చోట ఒక రకంగా, మళ్ళీ సన్నబడే చోట ఇంకో రకంగా వెనక్కి తిరుగుతుంది. గొట్టం పొడవు, వాలు సరిగ్గా కుదిరితే ఆ తరంగం సిలిండరులోంచి జారిపోతున్న తాజా పెట్రోలు, గాలి మిశ్రమాన్ని మళ్ళీ లోపలికి నెడుతుంది. ఈ ఉపాయంతో 1961 నాటికి 125 సీసీ ఇంజన్ నుంచి 25 హార్స్ పవర్ పిండాడు. ఆ ఏడాదే ఎంజెడ్ రేసరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు అయ్యాక అటు నుంచి అటే పశ్చిమానికి పారిపోయి, తనకు తెలిసిన రహస్యాలతో సుజుకీలో చేరాడు. మరుసటి ఏడు 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీకి దక్కింది. ఒక గొట్టం ఆకారం కోసం మనిషి దేశం వదిలిపోయాడు. మన స్టేషన్ రోడ్డు విద్యావేత్తలు అదే గొట్టాన్ని హ్యాక్సాతో కోసి, లోపల ఉన్నది పీకి పారేసి, "ఇప్పుడు చూడు పికప్పు" అంటారు. వినపడేది పికప్పు కాదు. వెనక్కి రావాల్సిన తరంగం రాక, మండకుండా బజారున పడిన పెట్రోలు పెట్టే గోల అది. 80 నుంచి 175 సీసీ బండికి తయారీ దశలో మన నిబంధనలు పెట్టిన హద్దు 77 డెసిబెల్స్. డెసిబెల్స్ పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లు పెరిగినట్టు. చప్పుడు పెరిగి, లాగుడు తగ్గి, మైలేజీ పడిపోయిన బండిని స్పోర్ట్స్ మోడల్ అనడానికి గుండె ధైర్యం కావాలి, ఒప్పుకుంటాను. ఇలాంటి గొట్టాలను పోలీసులు హైదరాబాద్‌లోనూ ఇంకొన్ని పట్టణాల్లోనూ వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించారు. కాడెన్ ఉంటే ఆ రోలర్ డ్రైవరుకు చెయ్యి కలిపేవాడు.

ఇంజన్ పని అయిపోయాక చెయిను, పళ్ళచక్రాల మీద పడతారు. ముందు పళ్ళచక్రానికి ఒక పన్ను పెంచితే పైవేగం పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. తగ్గిస్తే దానికి ఎదురు జరుగుతుంది. ఇది చిన్న కూడికలు, తీసివేతలు వచ్చిన వాడికి తెలిసే సత్యం. మనవాళ్ళకు రెండూ కావాలి, ఒకే చెయినులో. సరే, ఎలాగో శక్తి పెరిగింది, వేగం పెరిగింది. ఆపేదేమిటి? ముందూ వెనకా 130 మిల్లీమీటర్ల డ్రమ్ము బ్రేకులు, 1985లో 98 సీసీ కోసం లెక్క కట్టినవి. పెయింటుకు వేలు పెట్టినవాళ్ళు, క్రోమ్ పూతకు హైదరాబాద్ పంపించినవాళ్ళు బ్రేకు షూలు మార్పించిన సంగతి గొప్పగా చెప్పుకోగా ఎవరూ విని ఉండరు. బ్రేకుకు సౌండు రాదు కదా. ఈ బండి తిరిగే దారి ఏమైనా రేసు ట్రాకా? కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయే దారిలో కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, చుట్టూ రాళ్ళు పెట్టి ఉంటాయి. చీకటి పడితే కుప్ప మీద కప్పిన టార్పాలిన్ ఏదో, తారు ఏదో తెలియదు. మిగిలిన సగంలో ట్రాక్టరు, గొర్రెల మంద, ఎదురుగా ఆర్టీసీ బస్సు. ఈ దారిలో 7,500 ఆర్‌పీఎం దాకా లాగడానికి కావాల్సింది ఎన్ని హార్స్ పవర్లో నాకు తెలియదు గానీ, ఆపడానికి కావాల్సింది మంచి ముందు బ్రేకు అని మాత్రం చెప్పగలను.

ఇక్కడ చదువుకున్న భక్తుడు లేచి, ప్రపంచమంతా ఇదే చేస్తోంది కదా అంటాడు. కాలిఫోర్నియాలో సింగర్ అనే కంపెనీ పాత పోర్షే 911లను విప్పి, ఇంజన్ నాలుగు లీటర్లకు పెంచి, కోట్లకు అమ్మడం లేదా? చేస్తోంది, 2009 నుంచీ. 964 అనే రకం 911ను గుల్ల దాకా విప్పుతారు. ఇంజన్‌తో పాటు బ్రేకులు, సస్పెన్షన్, గేర్‌బాక్స్, బాడీ అన్నీ కలిపి ఒకే లెక్కలో మళ్ళీ కడతారు. అన్నిటికంటే ముఖ్యం, ఇది మేం మళ్ళీ ఊహించి కట్టిన బండి అని మొదటి మాటలోనే చెప్పేస్తారు. పక్కా ఒరిజినల్ అని చెప్పి అమ్మరు. ఒరిజినల్ కావాలనుకునేవాళ్ళ బజారు వేరే ఉంది. 2018లో 1962 నాటి ఫెరారీ 250 జీటీవో ఒకటి వేలంలో 4.84 కోట్ల డాలర్లకు పోయింది. అసలు ఇంజన్, అసలు గేర్‌బాక్స్, అసలు వెనక ఇరుసు అందులోనే ఉన్నాయని వేలంవాళ్ళు నొక్కి చెప్పుకున్నారు. దాని పై బాడీ మాత్రం 1964లోనే మారింది; అదీ దాచిపెట్టలేదు. ఈ రెండు దారుల్లో ఏదైనా మర్యాదైనదే. మనవాళ్ళు కనిపెట్టింది మూడో దారి: సింగర్ పని చేసి ఫెరారీ ధర అడగడం, అదీ సింగర్ పట్టించుకునే బ్రేకుల్ని వదిలేసి.

అంత దూరం ఎందుకు, పాతదాన్ని నిలబెట్టడం అంటే ఏమిటో ఈ జిల్లాలోనే కళ్ళెదుట ఉంది. డోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో మెరిట్ పురస్కారం వచ్చింది. ఏళ్ళ తరబడి ఓపికగా చేసిన పని అది. మన ఆర్ఎక్స్ భక్తులకు ఆ కోట అప్పగించి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. పాత దర్వాజా పీకి రోలింగ్ షట్టరు పెట్టేవాళ్ళు, బురుజు మీద ఇంకో రెండంతస్తులు లేపి "పవర్ పెంచినం" అనేవాళ్ళు, గోడలకు మెటాలిక్ నీలం కొట్టించేవాళ్ళు, లోపల డీజే పెట్టేవాళ్ళు, గడప మీద చెక్కి ఉన్న పాత అక్షరం ఒకటి చూపించి కోట పక్కా ఒరిజినల్ అనేవాళ్ళు. నవ్వొస్తోంది కదా? కోట విషయంలో నవ్వు తెప్పించే పనే ఇంజన్ విషయంలో ముచ్చట ఎందుకు అనిపిస్తోందో భక్తులే చెప్పాలి.

ఇంకో అభ్యంతరానికి మాత్రం నవ్వకుండా జవాబు చెప్పాలి. ఈ మోజు వల్లనే చిన్న పట్టణాల్లో టూ స్ట్రోక్ తెలిసిన మెకానిక్కులు బతుకుతున్నారు, లేకపోతే ఆ విద్యే పోయేది అంటారు. నిజం. ప్లగ్గు రంగు చూసి మిశ్రమం పలచబడిందా చిక్కబడిందా చెప్పగలిగినవాడు, క్రాంకును చేత్తో తిప్పి కనెక్టింగ్ రాడ్డు ఆట ఎంతుందో పట్టగలిగినవాడు అరుదైన మనిషి. అతణ్ణి కాపాడుకోవాల్సిందే. కానీ అలాంటివాడి చేత మనం చేయిస్తున్నదేమిటి? గొట్టాలు కోయించడం, స్టిక్కర్లు అంటించడం. అతని విద్యకు ఇవాళ నిజంగా పని ఉంది. ఆ పని పేరు 20 శాతం ఇథనాల్. 2025కల్లా దేశంలో బంకుల్లో పోసే పెట్రోలులో అయిదో వంతు ఇథనాల్ అయింది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి బరువు లెక్కన 14.7 పాళ్ళ గాలి కావాలి; ఇథనాల్‌కు 9 పాళ్ళు చాలు. 1985 నాటి జెట్టు ఉన్న కార్బొరేటర్‌కు ఈ సంగతి తెలియదు. అది ఎప్పటిలాగే కొలిచి పోస్తుంది, ఫలితంగా మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. గాలితో మాత్రమే చల్లబడే టూ స్ట్రోక్‌లో ఈ వేడి పిస్టన్ పట్టేసే దాకా పోతుంది. పైగా క్రాంక్‌కేస్ అక్కడ వట్టి డబ్బా కాదు, మిశ్రమాన్ని పీల్చి నెట్టే పంపు కూడా. ముప్పై నలభై ఏళ్ళ ఆయిల్ సీళ్ళు గట్టిపడి ఎక్కడ గాలి పీల్చినా మిశ్రమం మళ్ళీ పలచబడుతుంది. పాత రబ్బరు పైపులకూ ఇథనాల్ పడదు. కాబట్టి ఇవాళ ఆర్ఎక్స్ 100ను నిలబెట్టడమంటే సీళ్ళు, బేరింగులు, పైపులు మార్చడం, తగిన మెయిన్ జెట్టు వేసి ప్లగ్గు చూసుకుంటూ సరిచేయడం, ఆయిల్ పాళ్ళు తప్పకుండా చూడటం. ఇందులో ఫొటోకు పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. పూర్తయ్యాక బండి ఎలా ఉంటుంది? ముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఇంత డబ్బు పెట్టి ఎవరికీ కనపడని పని చేయించుకోవడానికి భక్తుడు ఒప్పుకోడు, మెకానిక్కు తనకు తెలిసిన మంచి పని పక్కన పెట్టి హ్యాక్సా అందుకుంటాడు.

పాత బండి వాడితే కొత్తది తయారుచేసే ఇనుము, కరెంటు మిగులుతాయి కదా, ఇది పర్యావరణ సేవ అనే వాదన కూడా ఈ మధ్య మొదలైంది. టూ స్ట్రోక్‌లో తాజా మిశ్రమంలో పావు వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, మండకుండానే పొగగొట్టంలోంచి పోతుంది. దానితో పాటు కాలిన ఆయిల్. నాలుగు పాత బండ్ల పొగతో ఆకాశం కూలదు, ఆ లెక్కన ఎవరినీ తిట్టక్కర్లేదు. సేవ అనకుండా ఉంటే చాలు.

చట్టం సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే భక్తులు దాన్ని చివరికి కూడా గుర్తుపెట్టుకోరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో శిక్ష కూడా ఖరారైంది: ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్న మాట గమనించండి. బ్లాకు, గొట్టం, అంటూ ఒక్కొక్కటీ వేలు మడిచి లెక్కపెడితే జరిమానా బిల్లు పెయింటు బిల్లును దాటుతుంది. పైగా ఇరవై ఏళ్ళు దాటిన మోటారు సైకిల్ రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2025లో 2,000 రూపాయలు చేశారు. ఎంత చిన్న వయసు ఆర్ఎక్స్ 100కైనా దాదాపు ముప్పై ఏళ్ళు కాబట్టి ఇది అందరికీ వర్తిస్తుంది. అధికారి వచ్చి సీసీ ఎంతని అడిగితే మాత్రం అందరివీ 98 సీసీలే. చప్పుడు వినపడేటప్పుడు 132, కాగితం అడిగినప్పుడు 98.

మాది వింటేజ్ బండి, మామూలు రూల్సు మాకు కావు అంటారా? వింటేజ్‌కూ రూల్సు వచ్చాయి, 2021లో. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటాలి. ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజన్‌లో గానీ చెప్పుకోదగ్గ మార్పు చేసి ఉండకూడదు. అప్పుడు 20,000 రూపాయలు కట్టించుకుని వీఏ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు, దానితో రోజూ రోడ్ల మీద తిరగడం కుదరదు. అంటే 1985 చివర్లో రోడ్డెక్కిన తొలి ఆర్ఎక్స్ 100లకు 2035 చివర్లో గానీ ఆ అర్హత రాదు. అప్పటికి ఈ రెండు ఊళ్ళ మధ్య నిజంగా ఆ నంబరుకు తగిన బండి ఏది మిగులుతుందో ఆలోచిస్తే తమాషాగా ఉంటుంది. మెటాలిక్ నీలం కొట్టించినది కాదు, ఇదే పేరుతో వచ్చిన సినిమా చూసి బ్లాకు మార్పించినది కాదు. రీస్టోర్ చేయించడానికి చేతిలో డబ్బు లేక, వెలిసిన రంగుతోనే వదిలేసి, రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకుని, అరిగినప్పుడల్లా పావు మిల్లీమీటరు బోరు కొట్టించుకుంటూ వచ్చిన ఏ పాడి రైతు బండో అర్హత సంపాదిస్తుంది. అప్పటిదాకా ఆయన చేయాల్సిందల్లా, బేరానికి వచ్చే భక్తులకు దాన్ని అమ్మకుండా ఉండటమే.